రేడియో కచేరీకి కెమెరా ఎందుకు?

1977లో కాలిఫోర్నియాలోని సన్నీవేల్ నుంచి ఒక విచిత్రమైన పెట్టె బజారులోకి వచ్చింది. దాని పేరు అటారి వీడియో మ్యూజిక్, ధర 169 డాలర్ల 95 సెంట్లు. ఒక వైపు ఇంట్లో ఉన్న స్టీరియోకి, మరో వైపు టీవీకి తగిలిస్తే, పాట నడుస్తున్నంతసేపూ తెర మీద రంగురంగుల వజ్రాకారాలు ఉబ్బుతూ, కుంచించుకుంటూ, చీలుతూ ఆడేవి. తయారుచేసింది అటారి ఇంజనీరు బాబ్ బ్రౌన్. పాంగ్ వీడియో ఆటని జనం ఇళ్ళలోకి తెచ్చిన బృందంలో ఆయనా ఒకడు. పాటకి బొమ్మ జతచేస్తే జనం ఎగబడతారని కంపెనీ లెక్క వేసుకుంది. జనం రాలేదు. కొద్దికాలానికే తయారీ ఆపేశారు. ఇప్పుడది పాత సామాన్ల మీద మోజున్నవాళ్ళు వెతుక్కుని కొనుక్కునే వస్తువు.

పెట్టె పోయినా ఆ లెక్క మాత్రం ఊరు వదల్లేదు. సన్నీవేల్ చుట్టుపక్కల రేడియోలో స్థానిక గాయకుల చేత ప్రత్యక్షంగా పాడించే కార్యక్రమం ఎవరు నడిపినా, ఏదో ఒకరోజు ఎవరో ఒకరు వచ్చి చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెబుతారు: “వీడియో పెట్టండి సార్. ఈ రోజుల్లో ఉత్త గొంతు ఎవరు వింటారు?” స్టేషన్ నడిపే కమిటీలో ఉన్నాయన చెబుతాడు. ఎల్ కమీనో రియల్ మీద హోటలు పెట్టి, కార్యక్రమానికి పది డాలర్లో వంద డాలర్లో ఇచ్చే ఆయన చెబుతాడు. పాడటానికి వచ్చిన పిల్ల తల్లి అయితే చెప్పడం కూడా ఉండదు, ఫోను తీసి తీసేస్తూనే ఉంటుంది. అందరూ మంచి మనసుతోనే చెబుతారు. అందుకే ఈ మాటకి ఎదురు చెప్పేవాళ్ళు కరువయ్యారు. ఎదురు చెప్పాల్సిన అవసరం మాత్రం గట్టిగానే ఉంది.

ముందు ఊళ్ళో రేడియో చచ్చిపోయిందన్న భ్రమ వదుల్చుకోవాలి. సన్నీవేల్‌లో కారు రేడియో మీట తిప్పితే లాస్ ఆల్టోస్ హిల్స్‌లోని ఫుట్‌హిల్ కాలేజీ వారి కెఎఫ్‌జెసి 89.7 మీద వినిపిస్తుంది. 1959 నుంచి నడుస్తున్న స్టేషన్ అది. 1983లో ‘లూయీ లూయీ’ అనే ఒక్క పాటని ఎనిమిది వందలకు పైగా రూపాల్లో 63 గంటల పాటు ఆపకుండా వేసి చరిత్రకెక్కిన ఘనులు వాళ్ళు. స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల కెజడ్‌ఎస్‌యు 90.1 మీద ‘వెడ్నెస్‌డే నైట్ లైవ్’ పేరుతో స్థానిక బృందాలు స్టూడియోలోకే వచ్చి వాయిస్తాయి. కుపర్టినో పేర లైసెన్సు ఉన్న కెకెయుపి 91.5ను 1972 నుంచీ శ్రోతల చందాలే పోషిస్తున్నాయి. బే ఏరియా తెలుగు ఇళ్ళకి విజయ ఆసూరి గారి ‘విరిజల్లు’ కొత్త కాదు. అసలు సన్నీవేల్ పక్కనే ఉన్న శాన్ హోసేలో చార్లెస్ హెరాల్డ్ 1909లోనే గాలిలోకి మాటలు వదిలాడు. ఆయన భార్య సిబిల్, ఒక దుకాణం నుంచి రికార్డులు అరువు తెచ్చి వేసేది. ఈ సిలికాన్ లోయకి వినడం నేర్పాల్సిన పని లేదు.

కెమెరా పక్షం వాళ్ళు మొట్టమొదట చూపించే ఉదాహరణ సియాటిల్ రేడియో స్టేషన్ కెఈఎక్స్‌పీ. స్టూడియోలో బృందాల చేత పాడించి, దాన్ని చిత్రీకరించి యూట్యూబ్‌లో పెట్టి ప్రపంచమంతటా లక్షల మందిని సంపాదించుకుంది. రెండో ఉదాహరణ వాషింగ్టన్‌లో ఎన్‌పీఆర్ రేడియో వారి ‘టైనీ డెస్క్’. వీళ్ళు చేయగా మనం ఎందుకు చేయకూడదు అన్నది ప్రశ్న.

ఆ రెండూ ఎలా పుట్టాయో కొంచెం నిదానంగా చూస్తే ప్రశ్నలోనే జవాబు దొరుకుతుంది. 2008లో ఆస్టిన్ ఊళ్ళో ఒక సంగీతోత్సవానికి ఎన్‌పీఆర్ వాళ్ళు బాబ్ బాయిలెన్, స్టీఫెన్ థాంప్సన్ వెళ్ళారు. లారా గిబ్సన్ అనే గాయని మెల్లని గొంతుతో పాడుతోంది. జనం గోలలో ఆమె పాట వాళ్ళకి వినపడలేదు. “ఇంతకంటే మా ఆఫీసులో బాబ్ బల్ల దగ్గరికి వచ్చి పాడటం నయం” అన్న ధోరణిలో థాంప్సన్ హాస్యమాడాడు. ఆమె నిజంగానే వచ్చి పాడింది. అదీ టైనీ డెస్క్ మొదలు. ప్రపంచంలో ఎంతోమంది చూసిన రేడియో వీడియో, పాట వినపడలేదన్న ఫిర్యాదులోంచి పుట్టింది. ఈ రోజుకీ అక్కడ గాయకుల గొంతుని గదిలో స్పీకర్లు పెట్టి పెంచరు. ఎంత పెద్ద తార అయినా పక్కన డ్రమ్ము వాయించేవాడు తన గొంతుని మింగకుండా సర్దుకుని పాడాలి, వాయించేవాడూ చెయ్యి తగ్గించుకోవాలి. అక్కడ కెమెరా చెవికి లొంగి ఉంది.

కెఈఎక్స్‌పీ సంగతి ఇంకోటి. అది 2016లో సియాటిల్ సెంటర్‌లోని కొత్త ఇంట్లోకి మారింది. అందుకోసం కోటిన్నర డాలర్ల చందా ఉద్యమం నడిపింది. ప్రత్యక్ష సంగీతం కోసం విడిగా గది, ఆ గదికి తగిన శబ్ద నిర్మాణం, ధ్వనిని కలిపే మనిషి ఒకరు, కెమెరాలు చూసే మనుషులు వేరే, తర్వాత కూర్చుని కూర్పు చేసేవాళ్ళు ఇంకా వేరే. ఇదంతా వదిలేసి, ట్రైపాడ్ మీద ఫోను, దాని నెత్తిన రింగ్ లైటు పెట్టి “మనమూ కెఈఎక్స్‌పీ లాగా” అంటే పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమే. స్థానిక స్టేషన్లలో ఈ పని చేసేది వారమంతా ఉద్యోగం చేసుకుని శనివారం సాయంత్రం వచ్చిన ఒక్క స్వచ్ఛంద కార్యకర్త. సౌండు బల్ల మీద ఉండాల్సిన ఆ ఒక్క మనిషి చేతులు ఇప్పుడు లెన్సు మీద ఉంటాయి.

ఆ గదిలో ఏం మారుతుందో ఒకసారి దగ్గరనుంచి చూడాలి.

కర్ణాటక కచేరీ అనుకుందాం. రేడియోకయితే గాయని, వయొలిన్ విద్వాంసుడు, మృదంగం వాయించే అబ్బాయి ఒకరికొకరు ఎదురుగా, త్రికోణంలా కూర్చుంటారు. ఒకరి చెయ్యి ఒకరికి కనపడాలి. తని ఆవర్తనంలో తాళం వేసే చేతిని చూసుకుని, ముక్తాయింపు ఎక్కడికి వచ్చి పడుతుందో కళ్ళతో మాట్లాడుకుంటారు. ఎవరి వీపు ఎటు తిరిగి ఉందన్నది శ్రోతకి అక్కర్లేదు. కెమెరా వచ్చిందా, ముగ్గురినీ గోడ వారగా ఒక వరసలో కూర్చోబెడతారు, ఫ్రేములో పట్టాలి కాబట్టి. చూపులు తెగిపోతాయి. మొహానికి అడ్డొస్తోందని మైకుని కిందికి దించుతారు, లేదా చీర అంచుకి క్లిప్పు మైకు తగిలిస్తారు. గాయని తల తిప్పినప్పుడల్లా గొంతు దగ్గరవుతూ దూరమవుతూ ఉంటుంది, పట్టుచీర రాపిడి సంగతితో పాటు వినపడుతుంది. అలవాటైన గాయని గట్టి అక్షరం వచ్చినప్పుడు మైకు నుంచి మొహాన్ని కొంచెం పక్కకి తిప్పుతుంది, ‘ప’లూ ‘భ’లూ పేలకుండా. కెమెరా ముందు ఆ తిప్పడం బాగుండదని చెప్పి మాన్పిస్తారు. దీపాలకి గది వేడెక్కుతుంది. వేడికి మృదంగం తోలు బిగిసి శ్రుతి పైకి జరుగుతుంది, ఎడమ వైపు రవ్వ ముద్ద ఎండుతుంది. ఏసీ వేస్తే దాని హోరు మైకులో పడుతుంది. అబ్బాయి చిన్న రాయి తీసుకుని అంచు మీద తడుతూ శ్రుతి సరిచేసుకుంటూ ఉంటే, వీడియో చూసేవాళ్ళకి విసుగు పుడుతుందని ఆ భాగం కత్తిరిస్తారు. నిజానికి కచేరీకి కొత్తగా వచ్చినవాడికి ఆ తట్టడం వినడమే ఒక పాఠం.

పాడే మనిషి లోపల జరిగే మార్పు ఇంకా పెద్దది. ఆలాపనలో కళ్ళు మూసుకుని, మొహం వంకర్లు పోతున్నా పట్టించుకోకుండా ఒక గమకం కోసం వెతికే గాయని, లెన్సు ఎదుట ఆ వెతుకులాట మానేస్తుంది. తెలిసిన సంగతులే నవ్వుమొహంతో అప్పజెబుతుంది. ప్రత్యక్ష ప్రసారానికి విలువ తెచ్చేది తప్పు పాడే స్వేచ్ఛ. గాలిలో పోయే తప్పుకి భయం తక్కువ. పదేళ్ళ తర్వాత పెళ్ళిచూపుల వాళ్ళు కూడా వెతికి చూడగలిగే తప్పు వేరు.

ఆకాశవాణికి ఈ సంగతి డెబ్భై ఏళ్ళ కిందటే తెలుసు. బి.వి. కేస్కర్ సమాచార ప్రసార మంత్రిగా ఉన్న 1950లలో ఆడిషన్ పద్ధతి పెట్టినప్పుడు, తీర్పరులు పాడేవాళ్ళని చూడకుండా, వేరే గదిలో కూర్చుని గొంతు మాత్రమే వినే ఏర్పాటు చేశారు. పేరున్న విద్వాంసులు మమ్మల్ని పరీక్షించడమేమిటని అలిగారు, గొడవలూ అయ్యాయి. ఆ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. కానీ నలుపూ తెలుపూ, లావూ సన్నం, చీర ఖరీదూ, ఇంటిపేరూ లెక్కలోకి రాకుండా ఒక తెర అడ్డుపడింది. ఇప్పటి టీవీ పాటల పోటీల్లో పల్లవికీ చరణానికీ మధ్య ప్రేక్షకుల్లో కూర్చున్న అమ్మ కళ్ళనీళ్ళు తుడుచుకోవడం చూపించకపోతే గడవదు. రేడియో దాని నుంచి తప్పించుకున్న చోటు. దాన్నీ తీసుకెళ్ళి అదే గాడిలో పడేయాలన్న తొందర ఎందుకో అర్థం కాదు.

హక్కుల సంగతి ఇంకా చిక్కు. స్టూడియోలో ఎవరైనా పాట పాడి ప్రసారం చేస్తే, స్టేషన్ ఆస్కాప్, బీఎంఐ, సెసాక్ లాంటి సంఘాలకి కట్టే రుసుము కింద ఆ ప్రసారం చెల్లుతుంది. అదే పాట కదిలే బొమ్మకి అతుక్కున్న క్షణంలో వేరే హక్కు కిందికి పోతుంది. దాన్ని సింక్ లైసెన్స్ అంటారు. దాన్ని పాట హక్కుదారు దగ్గరికి వెళ్ళి, పాటపాటకీ విడిగా తీసుకోవాలి. గంపగుత్తగా ఇచ్చే సంఘం లేదు. మన రేడియో కార్యక్రమాల్లో పాడే పాటల్లో చాలావరకు సినిమా పాటలు. వాటి హక్కులు ఆదిత్య, లహరి, సరిగమ లాంటి కంపెనీల చేతుల్లో ఉంటాయి. యూట్యూబ్ 2007 నుంచి నడుపుతున్న కంటెంట్ ఐడీ యంత్రం పాటని పసిగట్టి, ప్రకటనల డబ్బు వాళ్ళ ఖాతాకి మళ్ళించగలదు, వీడియోని ఆపేయగలదు. ప్రత్యక్ష ప్రసారమైతే మధ్యలోనే తుంచి, ఆ చోట ఒక నిశ్చల చిత్రం పెట్టేయగలదు.

“మేం సినిమా పాటలు పాడం, త్యాగరాజ కీర్తనలే” అనే వాళ్ళు జేమ్స్ రోడ్స్ కథ వినాలి. 2018 సెప్టెంబరులో ఈ బ్రిటిష్ పియానో కళాకారుడు తన ఇంట్లో కూర్చుని బాఖ్ వాయించి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. అందులో 47 సెకన్లు సోనీ మ్యూజిక్ సొత్తని తేల్చి, శబ్దం నొక్కేశారు. బాఖ్ పోయింది 1750లో. రోడ్స్ మొదట అభ్యంతరం చెబితే తోసిపుచ్చారు. నలుగురిలో గోల అయ్యాకే వదిలారు. త్యాగరాజు 1847లో సిద్ధి పొందాడు కదా, ఆయన కృతికి ఎవరు అడ్డొస్తారని ధీమాగా ఉండటానికి లేదు. రోడ్స్‌కి అభిమానులున్నారు కాబట్టి గోల అయింది. సన్నీవేల్‌లో శనివారం కార్యక్రమం నడిపే మనిషి తరఫున గోల చేసేదెవరు?

ఇక పిల్లలు. అమెరికా తెలుగు రేడియోలో పాడేవాళ్ళలో పెద్ద వాటా వాళ్ళదే; సంగీతం బడి నుంచి నేరుగా స్టూడియోకి వస్తారు. పిల్లల సమాచారం సేకరించిన వ్యవహారంలో యూట్యూబ్ 2019లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కీ న్యూయార్క్ రాష్ట్రానికీ 17 కోట్ల డాలర్లు కట్టి రాజీపడింది. 2020 జనవరి నుంచి ‘పిల్లల కోసం’ అని గుర్తుపెట్టిన వీడియోల కింద వ్యాఖ్యలు మూసేశారు, చూసేవాడి అలవాట్లని బట్టి వేసే ప్రకటనలూ ఆపేశారు. పోనీ అలా గుర్తుపెట్టకుండా వ్యాఖ్యలు తెరిచి ఉంచితే, ఎనిమిదేళ్ళ పిల్ల పాట కింద ఎవడు ఏం రాస్తాడో చూస్తూ కూర్చోవడానికి మళ్ళీ ఒక మనిషి కావాలి. ఆ పిల్ల పదహారేళ్ళప్పుడు ఆ వీడియో తీసేయమంటే ఎవరిని అడగాలన్నది కూడా ఎవరూ ఆలోచించరు.

కెమెరా పక్షం వాదనల్లో నిజంగా బరువున్నది ఒకటుంది. రాజమండ్రిలో అమ్మమ్మ మనవరాలు పాడటం చూసుకోవాలి కదా అన్నది. కాదనేవాళ్ళు ఎవరూ లేరు. అమ్మమ్మ కోసం తల్లి ఫోనులో రెండు నిమిషాలు తీసి వాట్సాప్‌లో పంపుకోవచ్చు, ఇంటి విషయం. దానికోసం కార్యక్రమం మొత్తాన్నీ తిరగరాయక్కర్లేదు. పైగా ఆ అమ్మమ్మ ఏ తరం మనిషి? 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి పొద్దున్నే భక్తిరంజని, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి నాటకం వింటూ వంటింటి పని చేసుకున్న తరం. పాట వినడానికి ఆమెకి తెర అవసరం ఎప్పుడూ రాలేదు.

వీడియో లేకపోతే మిగలదు, మరుగున పడిపోతుంది అన్నది తర్వాతి మాట. 1947 ఆగస్టు 15 వేళ మద్రాసు కేంద్రం నుంచి బాలాంత్రపు రజనీకాంతరావు రాసి స్వరపరచిన ‘మాదీ స్వతంత్ర దేశం’ టంగుటూరి సూర్యకుమారి గొంతులో వెళ్ళింది. ఆ స్టూడియోలో కెమెరా లేదు. పాట మిగిలింది. బీబీసీలో జాన్ పీల్ 1967 నుంచి 2004లో చనిపోయేదాకా తన కార్యక్రమం కోసం స్టూడియోలో పాడించిన సెషన్లు నాలుగు వేలకు పైనే. రెండు వేలకు పైగా బృందాలు. అవి ధ్వని రికార్డింగులే. తర్వాతి కాలంలో ఆల్బములుగా వచ్చాయి, ఇప్పటికీ జనం వెతుక్కుని వింటున్నారు. మన ఆకాశవాణి పాత నాటకాలు యూట్యూబ్‌లో ఒకే ఒక నిశ్చల చిత్రంతో ఉంటాయి. దాని కింద తెలుగువాళ్ళు తమ చిన్నతనం గురించి పేజీలకి పేజీలు రాసుకుంటారు. పాట మిగలాలంటే కావల్సింది మంచి మైకూ, శుభ్రమైన రికార్డింగూ, తేదీ, పాడినవాళ్ళ పేర్లు, రాగం, తాళం రాసిపెట్టిన ఒక జాబితా. స్థానిక స్టేషన్లలో పోతున్నవి ఇవే. హార్డు డిస్కు నిండిపోయిందని ధ్వని ఫైళ్ళు చెరిపేసి, ఆ జాగాలో వీడియోలు పెట్టడం కంటే అవివేకం ఉండదు.

శ్రోతలు ఎక్కడున్నారో కూడా చూడాలి. సన్నీవేల్ మనిషి జీవితంలో వినడానికి దొరికే సమయం 101, 237 హైవేల మీద, లారెన్స్ ఎక్స్‌ప్రెస్‌వే సిగ్నళ్ళ దగ్గర ఉంటుంది. కాలిఫోర్నియా వాహన చట్టంలో 27602వ సెక్షన్, బండి నడిపేవాడికి కనపడేలా వీడియో తెర నడవడాన్ని నిషేధిస్తుంది. అంటే ఈ కార్యక్రమాన్ని ఎక్కువగా వినే మనిషి, చట్టప్రకారం, దాన్ని చూడటానికి వీల్లేదు.

స్థానిక రేడియోకి ప్రాణం మీదికి వచ్చిన సంగతి అసలు వేరే ఉంది. ‘దేశీ 1170’ పేరుతో దక్షిణాసియా కార్యక్రమాలు మోసిన కెఎల్‌ఓకే లాంటివి ఏఎం స్టేషన్లు. విద్యుత్ కారు మోటారు పుట్టించే విద్యుదయస్కాంత రొద ఏఎం సిగ్నల్‌ని పాడుచేస్తుంది. ఆ రొదని అణచడానికి ఖర్చు పెట్టే బదులు కొందరు తయారీదారులు ఏఎం రేడియోనే పీకేశారు. 2023 మార్చిలో సెనేటర్ ఎడ్ మార్కీ బయటపెట్టిన వివరాల ప్రకారం ఆయన అడిగిన 20 కార్ల కంపెనీల్లో 8 తమ విద్యుత్ కార్లలో ఏఎం తీసేశాయి. అందులో టెస్లా ఉంది. ఆ ఏడాది మే నెలలో ఫోర్డ్ వెనక్కి తగ్గింది. పక్కనే ఫ్రీమాంట్‌లో టెస్లా ఫ్యాక్టరీ ఉన్న చోట, ప్రతి రెండో ఇంటి ముందూ ఆ కారు నిలబడి ఉండే వీధుల్లో, రేడియో కార్యక్రమం పోగొట్టుకుంటున్నది ఈ కార్లలో కూర్చున్న చెవుల్ని. వాళ్ళు వెళ్ళిపోయింది బొమ్మ కోసం కాదు. కారులో మీట లేక. వాళ్ళకి చేరాల్సింది తడబడని ఆడియో స్ట్రీము, ఆ మర్నాడు వినడానికి పాడ్‌కాస్టు. ఈ రెండింటికీ కలిపి అయ్యే ఖర్చు ఒక మంచి కెమెరా, దాని లెన్సు ధరలో కొంత మాత్రమే.

వీడియో అంటేనే పాపమని ఎవరూ అనడం లేదు. జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడుగా దళిత మహిళలు రెండు పనులూ చేశారు. వాళ్ళు కెమెరాలు పట్టి బీటీ పత్తి మీద సినిమాలు తీశారు. ఎండిన చేను, దిగులుపడ్డ రైతు మొహం చూపించాలంటే కెమెరా కావాలి. మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలుపెట్టినప్పుడు జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ మైకు ముందు కూర్చున్నారు. సినిమా తీయగలిగిన చేతులు ఆ సంస్థలోనే ఉన్నా, రేడియోని రేడియోగానే నడిపారు. దేనికి ఏది కావాలో వాళ్ళకి తెలుసు. సన్నీవేల్‌లో కూడా ఏడాదికి ఒక్కసారి, కమ్యూనిటీ సెంటరులో జనం ఎదుట కచేరీ పెట్టి, వీడియో వాళ్ళని విడిగా పిలిచి, హక్కులు ముందుగా మాట్లాడుకుని తీయించుకోవచ్చు. వారం వారం స్టూడియో గదిలోకి దాన్ని లాక్కురావడం మీదే తగాదా.

కెఈఎక్స్‌పీ దగ్గరికే మళ్ళీ వస్తే, దాని గురించి మాట్లాడేవాళ్ళు ఒక కబురు ఎందుకో చెప్పరు. ప్రపంచమంతటా ఎక్కడనుంచైనా చూడగలిగిన అన్ని వీడియోలు చేతిలో ఉన్నా, బే ఏరియా శ్రోతలు కావాలనుకున్నప్పుడు ఆ సంస్థ ఇక్కడ దివాలా తీసిన ఒక ఎఫ్ఎం స్టేషన్‌ని 2023లో వేలంలో 37 లక్షల 50 వేల డాలర్లకి కొనుక్కుంది. 2024 మార్చి 19 నుంచి అది 92.7 మీద వినిపిస్తోంది.